మీరెవరో తెలుసు, అనుమతి లేదు

శాంతికుమార్‌ని చంపడానికి బుధవారం నాడు ఎవరో నాలుగు మాటలు టైపు చేశారు. ‘పని అయింది, ఇంటికి రా.’ నాలుగో మాట పడీపడకముందే ఆత్మకూరులో కరెంటు పోయింది. ఊరంతా కరెంటు కోతను తిట్టుకుంది గానీ, ఆ కోతే లేకపోతే శాంతికుమార్ ఆ మాట నమ్మి, సముద్రాల అవతల ఒక రేవులో పడవ దగ్గరికి నడుచుకుంటూ వెళ్ళిపోయేవాడు. ఆ పడవలో వాడి కోసం ‘మాంగ్రూవ్’ ముఠా మనుషులు కాచుకుని కూర్చున్నారు.

ఈ సంగతి ఏజెంట్ వరప్రసాదానికి నెల్లూరు బస్టాండు వెనక, ఒక పాత అంబాసిడర్ కారులో తెలిసింది. చెప్పింది అతని గూఢచారి శాఖ సెక్షన్ నైన్ చీఫ్ రామలక్ష్మమ్మ. కారెక్కే ముందు కోడ్ వర్డ్ అడగాలి, అది రూలు.

“పెన్నలో నీళ్ళున్నాయా?” అన్నాడు వరప్రసాదం విసుగ్గా.

“మోకాలి లోతు. ఎక్కి కూర్చో,” అంది చీఫ్. “ఇరవయ్యేళ్ళుగా మొహాలు చూసుకుంటానే ఉండాం. ఇంకా ఈ కోడ్ ఏందో నాకూ అర్థం కాదు ప్రసాదం.”

వరప్రసాదానికి యాభై రెండేళ్ళు. మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి. జేబులో సెక్షన్ వాళ్ళిచ్చిన గ్యాస్ పెన్ను ఉంది. అది ఇంతవరకు ఏ శత్రువునీ పడగొట్టలేదు గానీ రెండు మంచి చొక్కాలను మాత్రం నాశనం చేసింది. రిటైర్మెంట్ ఇమ్మని అడిగీ అడిగీ నోరు నొప్పెట్టి ఊరుకున్నాడు. ఇప్పుడీ గొడవ. ఆ ముఠాలో మారుపేరుతో దాగున్న సెక్షన్ మనిషి శాంతికుమార్ ఎవరో కాదు, తన అక్క రూబీ కొడుకు. జలదంకిలో టీచరు పని చేసుకుంటున్న అక్కకు కొడుకు దుబాయ్‌లో ఉన్నాడనే తెలుసు. వాణ్ణి ఈ కొలిమిలోకి దింపింది మేనమామే.

“ఎవరు పంపబోయింది మేడం?”

“మెషినేమో మాల్యాద్రి కొట్టినాడంటాది. ఆత్మకూరు స్టేషన్ ఇన్‌చార్జి. వాడి పాస్‌వర్డ్ తెలవనోళ్ళు ఆ సెంటర్లో ఎవరున్నారు? వాళ్ళావిడ పేరే పెట్టుకున్నాడు, పెంచలమ్మ అని. నేను అన్ని పాస్‌వర్డ్‌లూ ఆపించేసినా.”

“అసలా లైనే మూసేస్తే పోలా?”

“మూసేస్తే నిజంగా పిలవాల్సొచ్చిన రోజు మీవాణ్ణి ఎట్టా పిలుస్తావు, కేకేసి పిలుస్తావా?” చీఫ్ కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. “ఆదివారం పొద్దుగూకే వేళకు శాటిలైట్ మళ్ళా మన నెత్తి మీదికి వస్తాది. ఆ లోపల తాళం మార్చాల. ఏ తాళమో నువ్వే తేల్చు. తప్పు తేల్చినావంటే మీ అక్కకు పోయి చెప్పుకోవాల్సింది నువ్వే, నేను కాదు.”

*

ఆత్మకూరు స్టేషన్ బయటికి కంప్యూటర్ కోచింగ్ సెంటర్. తొంభై ఏడో సంవత్సరంలో అంతకన్నా మంచి మారువేషం ఏముంటుంది? ముందు గదిలో పిల్లలు డాస్ నేర్చుకుంటుంటారు. వెనక గదిలో అసలు మెషిన్లు. యాంటెన్నా ఉదయగిరి కొండ మీద, టెలిఫోన్ శాఖది అన్నట్టు నిలబడి ఉంటుంది.

మాల్యాద్రి మొహం వేలాడేసుకుని ఎదురొచ్చాడు. “నేను కాదు సార్. నా పేరు చెప్పినంత మాత్రాన నేనేనా?”

“నువ్వని నేనన్నానా? ముందు టీ చెప్పు,” అన్నాడు వరప్రసాదం కూలబడుతూ.

అప్పుడు లోపల్నుంచి సుకన్య వచ్చింది. నల్ల కళ్ళద్దాలు, నీలం షిఫాన్ చీర, గదిలో సాంబ్రాణిని కూడా ఓడించే సెంటు. సింగపూరు సెక్యూరిటీ కన్సల్టెంట్. సెక్షన్ లెక్కలో మాంగ్రూవ్ ముఠాలో మన కోసం పని చేస్తున్న మనిషి. అంటే డబుల్ ఏజెంట్. డబుల్ ఏజెంట్లు ఎప్పుడూ తన కంటే బాగా నిద్రపోయినట్టు కనపడతారెందుకో వరప్రసాదానికి అర్థమయ్యేది కాదు.

“పాస్‌వర్డ్‌ల కాలం పోయిందండీ,” అంది సుకన్య. “గుర్తుంచుకోలేక భార్యల పేర్లు పెట్టుకుంటారు. వేలిముద్ర మెషిన్ ఒక్కటే పెడదామంటే అదీ కష్టమే, చూడండి.”

మాల్యాద్రి మెషిన్ మీద వేలు పెట్టాడు. అది కీచుమంది. పొద్దున ఇంటికి సున్నం వేసి వచ్చాడు పాపం, వేళ్ళన్నీ పొక్కిపోయి ఉన్నాయి.

“అందుకే ఇది.” ఆమె బంగారు రంగు చిప్ ఉన్న కార్డు బల్ల మీద పెట్టింది. “స్మార్ట్ కార్డు, దాంతో పాటు మీకు మాత్రమే తెలిసిన ఒక నంబరు. ఇప్పుడు ఒక్కో అప్లికేషన్ విడివిడిగా మిమ్మల్ని ఎవరని అడుగుతోంది కదా? ఇక నుంచి ఒకే సర్వర్ అడుగుతుంది. అది ‘ఈయన ఫలానా’ అని చెబితే మిగతావన్నీ నమ్ముతాయి. ఒక్కసారి లోపలికొస్తే చాలు, మళ్ళీ మళ్ళీ విసిగించదు.”

విసిగించదు అన్న మాట వరప్రసాదానికి పాలు తాగినట్టనిపించింది. కార్డు తిప్పి చూశాడు. దొంగ కార్డు చేయడం కుదరదు, ఇంకొకడి పేరుతో దూరడం కుదరదు. బాగుంది. ట్రయల్ కోసం నలుగురికి కార్డులు ఇచ్చారు: తనకు, మాల్యాద్రికి, ఆమెకు, నెల్లూరులో చీఫ్‌కి. సంతకం పెట్టేసి ఇంటికి పోయి పడుకోవచ్చు. పెన్ను కోసం జేబులో చెయ్యి పెడితే గ్యాస్ పెన్ను తగిలింది. సరే, యాంటెన్నా చూశాక పెడదాంలే అనుకున్నాడు.

*

ఆదివారం పొద్దున వరప్రసాదం, సుకన్య ఉదయగిరి వెళ్ళారు. కొండ దిగి వస్తుంటే చర్చి ముందర పిన్నమ్మ లిదియమ్మ పట్టుకుంది. సొంత ఊళ్ళో గూఢచారి బతుకు అంతే, ఏ మారువేషమూ పనికిరాదు.

“ఏందిరా ప్రసాదం, ఇట్టా చిక్కిపోయినావు? ఆ బ్రాందీ కంపెనీ ఉద్యోగం ఇంకా ఇడిసిపెట్టలా?”

“లేదు పిన్నమ్మా.”

వరప్రసాదానికి సెక్షన్ ఇచ్చిన మారు ఉద్యోగం అది, బ్రాందీ కంపెనీ సేల్స్ రిప్రజెంటేటివ్. ఊరూరా తిరగడానికి బాగుంటుందని ఎవరో పైవాడు ఆలోచించాడు. ఆ పైవాడికి బాప్టిస్టు సంఘం గురించి ఏం తెలుసు? సారా వ్యాపారంలో ఉన్నాడని సంఘ పెద్దలు ఏనాడో వరప్రసాదాన్ని చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభు బల్ల సహవాసం నుంచి ఆపేశారు. నిజం చెప్పుకోవడానికి లేదు. తాగని మనిషి తాగుడు పేరు మోస్తూ ఇన్నేళ్ళూ తల వంచుకునే కూర్చున్నాడు.

“ఈమె ఎవరు?”

“కంప్యూటర్ సెంటర్ మేడం, కావలి.”

“బాప్తిస్మం అయిందా అమ్మా?”

“కావలిలోనే అయిందండీ,” అంది సుకన్య తల మీద కొంగు వేసుకుంటూ. ఎంత చక్కగా వేసుకుందో.

లిదియమ్మ ఇద్దర్నీ లోపలికి తీసుకుపోయి తన పక్కనే కూర్చోబెట్టుకుంది. ఆరాధన అయ్యాక రొట్టె పళ్ళెం వరసలో చేతి నుంచి చేతికి వచ్చింది. ఆవిడ దాన్ని వరప్రసాదం మోకాళ్ళ మీదుగా దాటించి సుకన్యకు అందించింది. దాటిస్తూ రెండో చేత్తో అతని భుజం నిమిరింది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తన చేతుల మీద పెరిగినవాడు. ఆ చర్చిలో అతను ఎవరో తెలియని మనిషి లేడు. అయినా పళ్ళెం ఆగదు. పక్కనున్న మనిషి నిన్న కాక మొన్న వచ్చింది, ఎవరో ఎవరికీ తెలియదు. నోటి మాట మీద ఆమె రొట్టె తీసుకుంది.

ఎప్పుడూ ఆ నిమిషంలో వరప్రసాదం పాటల పుస్తకం తెరిచి పేజీలు తిప్పుతుండేవాడు. ఈసారీ తెరిచాడు. కానీ దానితో పాటే బుర్రలో ఒక ఆలోచన కదిలింది. మనిషి ఎవరో తెలియడం వేరు, ఆ మనిషికి ఏం అనుమతి ఉందన్నది వేరు. ఇక్కడ రెండో ప్రశ్నకు పళ్ళెం దగ్గర ఒక లిదియమ్మ కాపలా ఉంది. ఆత్మకూరులో ఎవరున్నారు? మూడు రోజులుగా తామందరూ తలుపు దగ్గర ‘నువ్వెవరు’ అని ఎట్టా అడగాలా అనే కొట్టుకుంటున్నారు. లోపలికొచ్చినవాడు ఏం చెయ్యొచ్చో అడిగిన పాపాన ఒక్కరూ పోలేదు. కార్డున్న ప్రతివాడూ శాంతికుమార్‌ని పిలవొచ్చు!

*

సుకన్యను లాడ్జి దగ్గర దింపి, “మీ కార్డే ఖాయం చేస్తున్నానండీ, రేపు పొద్దున సంతకం,” అన్నాడు. తర్వాత కోచింగ్ సెంటర్‌కి వచ్చి వెనక గది తలుపేశాడు.

“మాల్యాద్రీ, కార్డు మంచిదే, ఉంచు. ఐతే కార్డు ఎవరనేదే చెప్పాల. ఎవరు ఏ పని చెయ్యొచ్చో మనం వేరేగా పెట్టాల, ఇప్పుడే.”

“సుకన్య మేడానికి?”

“మెషిన్ రిపేరు చెయ్యొచ్చు. మెసేజ్ పంపకూడదు.”

“నాకు?”

“నువ్వు మెసేజ్ రాయొచ్చు. రాస్తే సరిపోదు, నెల్లూరులో చీఫ్ తన కార్డు పెట్టి ఒప్పుకోవాల. అప్పుడే పోవాల.”

మాల్యాద్రి టకటకా కొట్టి ఆగాడు. “మీకేం పెట్టమంటారు సార్?”

వరప్రసాదం తన కార్డు తీసి వేళ్ళ మధ్య తిప్పాడు. శాంతికుమార్‌ని పిలిచే హక్కు తనకు కాక ఇంకెవరికుంది? ఎత్తుకుని తిప్పిన బిడ్డ. కానీ రేపు ఎవడన్నా అక్క మెడ మీద కత్తి పెట్టి పిలవరా అంటే? తను పిలిచేస్తాడు. తన సంగతి తనకు తెలుసు.

“ఏమొద్దు,” అన్నాడు చివరికి. “లోపలికి రావడం ఒక్కటే. పంపడం వద్దు, వాడి గురించిన మెసేజ్‌లు చదవడం కూడా వద్దు. రక్తసంబంధం ఉన్నోళ్ళు వాడి జోలికే రాకూడదు.”

“అదేంది సార్!”

“కొట్టవయ్యా. కొట్టి, పోయి టీ తీసకరా.”

మాల్యాద్రి ఫ్లాస్కు తీసుకుని వెళ్ళాడు. సూర్యుడు వాలుతున్నాడు. వరప్రసాదం కుర్చీలో కళ్ళు మూసుకున్నాడు. సెంటు వాసనకు తెరిచాడు.

సుకన్య చేతిలో పిస్టలు. “సారీ అండీ. మీరు నిద్రపోతారనుకున్నాను.”

“నేనూ అదే అనుకున్నా.”

అతనికి ఆశ్చర్యం వెయ్యలేదు, అలసట వేసింది. పిస్టలు అతని వైపే ఉంచి ఆమె కార్డు దూర్చింది, నంబరు కొట్టింది. తెర వెలిగింది: ‘సుకన్య గారికి స్వాగతం.’ మూలన శాటిలైట్ గడియారం వెనక్కి నడుస్తోంది. ఆమె గబగబా నాలుగు మాటలు టైపు చేసి మీట నొక్కింది.

‘అనుమతి లేదు.’

మళ్ళీ నొక్కింది. అదే మాట. ఆమె మొహంలో మొదటిసారి రంగు మారింది. “రేపు సంతకం అయ్యాకే కదా ఏ మార్పైనా!”

“సంతకం రేపమ్మా. పని ఈ రోజే అయిపోయింది.”

“మీ కార్డు పెట్టండి. ఊఁ!”

పిస్టలు కణతకు ఆనింది. వరప్రసాదం లేచాడు, మోకాళ్ళు పటపటలాడాయి. కార్డు పెట్టి నంబరు కొట్టాడు. ‘వరప్రసాదం గారికి స్వాగతం.’ ఆమె అతని భుజం మీదుగా వంగి మీట నొక్కింది.

‘అనుమతి లేదు.’

“మీరే పెట్టిన రూల్లో మీకే లేదా?” అంది సుకన్య నమ్మలేనట్టు.

“వాడికి మేనమామని. మేనమామలకు కుదరదు.” అతనికి నవ్వొచ్చింది. “కాల్చేట్టుంటే కాల్చెయ్. ఈ మోకాళ్ళ నొప్పులన్నా తీరతాయి.”

గడియారంలో అంకెలు అయిదు, నాలుగు, మూడు... సుకన్య పిచ్చిదానిలా మీట మీద మీట కొడుతోంది. సున్నా. లైను తెగింది. అదే క్షణంలో ముందు గది షట్టర్ ధడేలున కిందికి పడింది, బయట తాళం వేసిన చప్పుడు. కిటికీలోంచి పిస్టలు చూసిన మాల్యాద్రి, లోపల తన ఆఫీసరున్నాడన్న ఆలోచన కూడా లేకుండా, పని కానిచ్చేశాడు.

సుకన్య షట్టర్ వైపు చూసి, అతని వైపు చూసి, పిస్టలు బల్ల మీద పెట్టేసింది. “పని కానప్పుడు కాల్చి ఏం లాభం?” అంటూ కళ్ళద్దాలు తీసింది. ఆమె కళ్ళ కింద కూడా నల్లటి చారలున్నాయి. జీపు వచ్చేదాకా ఇద్దరూ ఫ్యాను కింద కూర్చున్నారు.

*

సుకన్యను తీసుకుపోయాక మాల్యాద్రి అసలైన పిలుపు రాశాడు. శాంతికుమార్ పేరు ముఠాకు తెలిసిపోయింది గనక వాడు వేరే దారిలో తక్షణం బయటపడాలి. నెల్లూరులో చీఫ్ ఒప్పుకుంది. ఆ రాత్రే శాటిలైట్ ఇంకో చుట్టు తిరిగి వచ్చినప్పుడు మెసేజ్ వెళ్ళింది. వరప్రసాదం అంతసేపూ బయట మెట్ల మీద కూర్చున్నాడు, లోపలికి రావడానికి తనకు అనుమతి ఉన్నా సరే.

మర్నాడు మధ్యాహ్నం ఫోన్ మోగింది. తనే ఎత్తాడు.

“నేను మేడం, ప్రసాదాన్ని. బిడ్డ... బయల్దేరినాడా?”

“నువ్వెవరో నాకు తెలుసు ప్రసాదం,” అంది చీఫ్ మెల్లగా. “ఫోన్ మాల్యాద్రికియ్యి.”

ఇచ్చాడు. మాల్యాద్రి “ఊఁ... ఊఁ... సరే మేడం” అని విని పెట్టేశాడు. బల్ల తుడిచాడు, కుర్చీలు సర్దాడు, వెళ్ళి గుమ్మంలో నిలబడి రోడ్డు చూస్తూ అన్నాడు:

“రూలు ప్రకారం నేనేం చెప్పకూడదు సార్, చెప్పను కూడా. మీ అక్కను మాత్రం బుధవారం రాత్రికి ఒక మనిషికి ఎక్కువ వండమనండి.”

వరప్రసాదం రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఆ సాయంత్రం సెక్షన్‌కి రాసిన రిపోర్టులో, కొత్త సిస్టంలో లోపాలేమైనా ఉన్నాయా అన్న చోట ‘లేవు’ అని రాసి సంతకం పెట్టాడు.