ఫోర్‌లో వేసిన తేనె బండి

అమ్మిన బండి వారం తిరక్కుండా మళ్ళీ షెడ్డు గేటు ముందు కనిపిస్తే అమ్మినవాడి గుండెల్లో రాయి పడుతుంది. ఆ బండి గేటు మలుపులో టైర్లు కీచుమంటూ, కుందేల్లా గెంతి, ఓ కుదుపుతో ఆగిపోతే ఇక చెప్పేదేముంది.

ఆ పాత బండ్ల షెడ్డులో మనవాడిని అందరూ గ్యారంటీ అనే పిలుస్తారు. ఏ బండి చూపించినా "గ్యారంటీ అండీ" అనడం వాడి ఊతపదం. దేనికి గ్యారంటీయో వాడికీ తెలీదు. షెడ్డు వాళ్ళమ్మది. ఇంజన్లు విప్పేది ఆవిడ, తియ్యటి మాటలతో బండి అంటగట్టేది వీడు.

వెనక సామాను తొట్టి ఉన్న ఆ జీపులోంచి ఓ అమ్మాయి దిగింది. చెమటకి జుట్టు నుదుటికి అంటుకుని ఉంది. కళ్ళల్లో మాత్రం నిప్పులే.

"గ్యారంటీ అంటే మీరే కదా?"

"నేనేనండీ."

"మీ గ్యారంటీ మలుపు తిరగడం లేదు."

అమ్మిన రోజు కూడా ఆ కళ్ళు చూసే వాడు సగం మాటలు మర్చిపోయాడు. ఇప్పుడు మిగతా సగం కూడా మర్చిపోయి అనకూడని మాట అనేశాడు.

"డ్రైవింగ్ కొత్తా మీకు?"

"నేను ట్రాక్టరు తోలేనాటికి మీరు సైకిలు మీంచి పడుతూ ఉండి ఉంటారు."

"అది కాదండీ. ఆడలేక మద్దెల ఓడు అంటారు చూడండి..."

"అంటారు. మద్దెల ఇదిగో. మీరే వాయించండి." తాళం వాడి మీదికి విసిరింది.

వాడు దర్జాగా ఎక్కాడు. సిమెంటు గచ్చు మీద, పాత ఆయిల్ డ్రమ్ము చుట్టూ స్టీరింగ్ పూర్తిగా తిప్పాడు. బండి మూలిగింది, గెంతింది, ఎవరో వెనక పట్టుకు లాగినట్టు ఆగిపోయింది. పనివాళ్ళు నవ్వు దాచుకోవడానికి కూడా ప్రయత్నించలేదు. ఆ అమ్మాయి చేతులు కట్టుకుని, "వాయించారా?" అంది.

ఈ గోలకి వాళ్ళమ్మ చేతికంటిన గ్రీజు తుడుచుకుంటూ బయటికొచ్చింది.

"లివరు ఎందులో ఉందిరా?"

"ఫోర్-హైలో. నాలుగు చక్రాలూ లాగే గేరు కదా."

"పొడి గచ్చు మీద ఫోర్ వెయ్యమని ఎవడు చెప్పాడు?"

ఆ అమ్మాయి వేలు మనవాడి వైపు చూపించింది. "నాలుగు చక్రాలు కొనుక్కుని రెండింటితో తిరగడం ఎందుకండీ, ఎప్పుడూ ఫోర్‌లోనే ఉంచండి అన్నారు."

అవును, అన్నాడు. ఆ రోజు ఆమె ఎదురుగా నిలబడి తెలీదని చెప్పడానికి నోరు రాలేదు వాడికి. ఇప్పుడు సిగ్గుతో చచ్చిపోయాడు.

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది," అని వాళ్ళమ్మ మూల నుంచి ఓ పొడవాటి పైపు తెచ్చింది. "ఇద్దరూ చెరో కొస పట్టుకోండి. పక్కపక్కన నడుస్తూ డ్రమ్ము చుట్టూ తిరగండి. వీడు లోపల, నువ్వు బయట. ఇద్దరిదీ ఒకే అడుగు."

రెండడుగులకే పైపు అడ్డం తిరిగింది. ఆమె అటు లాగింది, వాడు ఇటు లాగాడు. మూడో అడుగుకి వాడు వెళ్ళి ఆమె భుజాన్ని గుద్దుకున్నాడు. సారీ చెప్పడం మానేసి ఆమె జుట్టులోంచి వచ్చే తేనెమైనం వాసన పీల్చుకుంటూ నిలబడ్డాడు, వెధవ.

"చూశారుగా. బయటున్నవాళ్ళు ఎక్కువ నడవాలి, లోపలున్నవాళ్ళు తక్కువ," అంది అమ్మ. "మలుపులో ముందు చక్రాలు బయటివైపు తిరుగుతాయి, వాటికి దూరం ఎక్కువ, వెనకవాటికి తక్కువ. ఫోర్ వేస్తే ముందువీ వెనకవీ ఒకే లెక్కన తిరగాలి. బురదలో అయితే చక్రం కాస్త జారి సర్దుకుంటుంది. పొడి గచ్చు మీద జారేదెక్కడ? అందుకే గెంతుతుంది. ఫోర్ బురదకీ మట్టికీ అమ్మా. రోడ్డు మీద టూ చాలు, వెనక రెండే లాగుతాయి."

"మరి ఈ స్విచ్చి?" ఆ అమ్మాయి వంగి డాష్‌బోర్డు చూపించింది.

"అది వెనక డిఫ్ లాక్. మామూలుగా వెనక రెండు చక్రాలూ దేని వేగాన అది తిరుగుతుంది. మలుపుకి అదే మంచిది. కానీ ఒకటి గాల్లోకి లేస్తే ఇంజను బలమంతా దానికే పోయి, అది ఊరికే గిరగిరా తిరుగుతుంది. నేల మీదున్నది దిక్కులు చూస్తుంది. అప్పుడు ఇది నొక్కితే రెండూ కలిసి తిరుగుతాయి. నాలుగు చక్రాలూ నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే ఫోర్-లోలోనే పని చేస్తుంది. మెల్లగా, తిన్నగా వెళ్ళేటప్పుడే వెయ్యాలి, మలుపుకి ముందు తీసెయ్యాలి."

ఆ అమ్మాయి పెదాలు కదుపుతూ అన్నీ మనసులో ఒకసారి అప్పజెప్పుకుంది. ఆ పెదాల్ని చూస్తూ మనవాడు ఒక్క ముక్కా వినలేదు.

టీ తాగుతున్నప్పుడు అసలు సంగతి బయటపడింది. వాళ్ళ నాన్న తేనెటీగలు పెంచుతారు. కొండ మీద పూలు విచ్చుకున్నప్పుడు తేనెపెట్టెలు పైకి చేర్చాలి. ఆయన మోకాలు పాడైంది. ఆమె పట్నంలో ఉద్యోగం వదిలేసి వచ్చింది.

"ఈ పూతకి పెట్టెలు పైకి చేర్చలేకపోతే మొత్తం ఎవరికైనా ఇచ్చేస్తానన్నారు నాన్న. అప్పుడు నేను మళ్ళీ ఆ ఆఫీసు కుర్చీలోకే. ఆ కుర్చీ తలుచుకుంటేనే నాకు ఊపిరాడదు."

వాడు టీ గ్లాసు కింద పెట్టేశాడు. "నేనూ వస్తాను. సర్వీసు గ్యారంటీ అనుకోండి."

"గ్యారంటీ వద్దు బాబూ. మనిషి వస్తే చాలు," అందామె.

ఆమె టీ గ్లాసు కడగడానికి లోపలికెళ్ళగానే వాడు మెల్లగా బండి దగ్గరికి చేరాడు. ముందు చక్రాలు ఒక్కోదాని నడిబొడ్డున ఉండే, చేత్తో తిప్పే బిళ్ళల్ని 'ఫ్రీ'కి తిప్పేశాడు. అవి ఫ్రీలో ఉంటే ఫోర్ వేసినా ముందు చక్రాలకి బలం అందదు, బండి గెంతదు. పొరపాటున మళ్ళీ రోడ్డు మీద ఫోర్ వేసినా ఆమెకి ఇబ్బంది ఉండదని వాడి ఉద్దేశం. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, ఆ మాట ఎవరికీ చెప్పకుండా మర్చిపోయాడు.

కొండెక్కే రోజు పొద్దున్నే బయల్దేరారు. నాన్న ముందురోజే ఒకరి మోటారు సైకిలు వెనక కూర్చుని వెళ్ళి, పైన పెట్టెలకి చోటు సిద్ధం చేస్తున్నారు. వెనక పెట్టెలన్నీ గాలాడేలా తీగ జాలీలు బిగించి, తాళ్ళు కట్టి ఉన్నాయి. వాటిలోంచి సన్నగా ఝుమ్మని శబ్దం. ఎండెక్కేలోపు చేరాలి. వేడికి మూసిన పెట్టెల్లో ఈగలు చచ్చిపోతాయి.

రాత్రి కురిసిన వానకి దారంతా బంకమన్ను. మొదటి ఎత్తులోనే వెనక చక్రాలు జారాయి.

"ఫోర్-లో వేశాను. కదలడం లేదు." ఆమె చేతులు స్టీరింగ్ మీద బిగుసుకున్నాయి. "మీ అమ్మగారు చెప్పినట్టే చేశాను కదా."

మనవాడు తల బయటపెట్టి చూశాడు. ముందు చక్రాలు కదలకుండా కూర్చుని ఉన్నాయి. బిళ్ళలు ఇంకా ఫ్రీలోనే ఉన్నాయని వాడికి అప్పుడు గుర్తొచ్చింది.

"ఒకటి చెప్తాను. మీకు కోపం వస్తుంది."

"ఇప్పటికే ఉంది. చెప్పండి."

చెప్పాడు. బురదలోకి దిగి, రెండు చక్రాల బిళ్ళలూ 'లాక్'కి తిప్పి, మోకాళ్ళ దాకా మట్టితో కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"అసలెందుకు తిప్పారండీ?"

"బండి మళ్ళీ గెంతితే మీరు మళ్ళీ వచ్చి తిడతారని."

"నేను రావడం మీకు ఇష్టం లేదన్నమాట."

"ఇష్టమే. తిట్టకుండా వస్తారేమోనని చూశాను."

ఆమె మొహం పక్కకి తిప్పుకుంది. కోపమో నవ్వో వాడికి అర్థం కాలేదు. ఈసారి గేరు వెయ్యగానే బండి నాలుగు కాళ్ళూ ఊనిన ఎద్దులా కదిలింది.

అంతలో ఓ కుదుపుకి వెనక తాడు సడలింది. చివరి పెట్టె మూత పక్కకి జరిగి ఈగలు బయటికి రావడం మొదలుపెట్టాయి. మనవాడు ఆలోచించకుండా వెనక్కి ఎక్కి, రెండు చేతులతో మూత అదిమి పట్టుకున్నాడు.

"కుడతాయి, దిగండి," అందామె.

"కుట్టనీండి. ఆపితే ఎండెక్కిపోతుంది. మీరు నడపండి."

"నేనొక్కదాన్నేనా?"

"ట్రాక్టరు తోలింది మీరే కదా."

ఆ మాటతో తలుపు మూసుకుంది. వాడి చెవి కింద మొదటి ఈగ కుట్టింది. తర్వాత కనుబొమ్మ మీద, పెదవి మీద. వాడు మూత వదల్లేదు.

చివరి ఎత్తులో వాన నీళ్ళు దారిని అడ్డంగా కోసేశాయి. బండి ఓ పక్కకి ఒరిగింది. వెనక ఎడమ చక్రం గాల్లోకి లేచి గిరగిరా తిరగసాగింది. పెట్టెలన్నీ ఓ వైపుకి జరిగాయి. స్విచ్చి అని అరుద్దామనుకున్నాడు వాడు, కానీ నోరు తెరిస్తే ఈగ దూరేలా ఉంది. కళ్ళు మూసుకుని మనసులోనే వేడుకున్నాడు.

ఇంజను మోత తగ్గింది. చక్రం ఆగింది. తర్వాత బండి కింద ఎక్కడో టక్కుమని శబ్దం.

ఆమె నొక్కింది.

మెల్లగా, చాలా మెల్లగా, వెనక చక్రాలు రెండూ కలిసి తిరిగాయి. నేల మీదున్న కుడి చక్రం మట్టిని పట్టుకుంది. బండి ఓసారి ఊగి, గొయ్యి దాటి పైకి లేచింది. పైన మలుపు రాకముందే మళ్ళీ టక్కుమంది. లాక్ తీసేసింది, ఎవరూ గుర్తు చెయ్యకుండానే. వాపుతో మూసుకుపోతున్న కళ్ళతో మనవాడు పిచ్చివాడిలా నవ్వుకున్నాడు.

కొండ మీద పూలు విరగబూసి ఉన్నాయి. నాన్న కుంటుకుంటూ ఎదురొచ్చి ముందు పెట్టెలు చూశారు, తర్వాత కూతుర్ని చూశారు. పెట్టెలన్నీ దించి, ఆమె జాలీలు తీయగానే ఈగలు గుంపులుగా పూల మీదికి వెళ్ళిపోయాయి. ఆయన కూతురి భుజం తట్టారు.

"ఇక కొండ పని నీదేనమ్మా," అన్నారు. "నేను కింద కూర్చుని వంకలు పెడుతూ ఉంటాను."

ఆమె ఒక్కసారిగా ఏడ్చేసింది, నవ్వుతూనే. మట్టి చేతులతో కళ్ళు తుడుచుకుని మొహమంతా పూసుకుంది.

తర్వాత ఆయన మనవాడిని బండ మీద కూర్చోబెట్టి, గోటితో ఒక్కో ముల్లూ గీరి తీశారు. "ఇన్ని కుట్టాయి, చేతులు తీసెయ్యాలనిపించలేదా?"

"అనిపించిందండీ. తీస్తే ఒక పెట్టె పోతుంది. ఆవిడ ఒక్క పెట్టె కూడా పోగొట్టుకోకూడదనుకున్నాను."

ఆయన కూతురి వైపు చూశారు. ఆమె తల దించుకోలేదు.

"నాన్నా, ఇతనికి బండ్ల గురించి ఏమీ తెలీదు. తెలీదని ఒప్పుకోవడం అంతకన్నా తెలీదు. అయినా నాకు ఇతనంటే ఇష్టం. చేసుకుంటే ఇతన్నే చేసుకుంటాను."

మనవాడు లేచి నిలబడబోయి మళ్ళీ కూర్చుండిపోయాడు. "నాకు మొదటి రోజు నుంచీ అండీ," అన్నాడు ఉబ్బిన పెదవితో. మాట సగమే బయటికొచ్చినా అందరికీ అర్థమైంది.

నాన్న వాడి మొహాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "వాపు తగ్గాక ఓసారి ఇంటికి రా నాయనా. అల్లుడు అసలు ఎలా ఉంటాడో మేమూ చూడాలి కదా."

మనవాడు వాచిన వేళ్ళతో ఫోను తీసి అమ్మకి కలిపాడు. "అమ్మా, బండి పైకొచ్చేసింది."

"బండి సంగతి నాకు తెలుసులేరా. పిల్ల ఏమంది?"

"సరేనంది."

"అయితే ఫోను వాళ్ళ నాన్నగారికివ్వు."

పెద్దవాళ్ళిద్దరూ మాట్లాడుకుంటూ ఉండగా ఆమె వచ్చి వాడి పక్కన కూర్చుంది. వాచిపోయిన వాడి చేతిని తన చేతిలోకి తీసుకుంది.

"నొప్పిగా ఉందా?"

"చాలా."

"వదిలెయ్యనా?"

"వద్దు," అన్నాడు వాడు. ఆమె వదల్లేదు.