ఇత్తడి పళ్లు

కుట్టుమిషన్లు బాగుచేసే పెద్దాయనకు మూడో అంతస్తులో ఉన్నవి రెండే గదులు. ముందుగదిలో పనిబల్ల, దాని చుట్టూ విప్పదీసిన మిషన్లు, డబ్బాల్లో సూదులూ స్ప్రింగులూ, నూనె చుక్కలు పడి నల్లబడ్డ నేల. మోకాళ్లు ఎప్పుడో అరిగిపోయిన మనిషి కావడంతో కింద చక్రాలున్న స్టూలు మీద కూర్చుని, బల్ల అంచు పట్టుకుని అటూ ఇటూ జరుగుతూ పనంతా చక్కబెట్టుకునేవాడు. లోపలిగదిలో ఒక మంచం. ఆ మంచం ఆయన తమ్ముడిది. అన్నదమ్ములిద్దరూ పెళ్లి ఊసెత్తకుండానే జుట్టు నెరిపించుకున్నారు.

కాళ్లు చచ్చుబడి మంచాన పడ్డాక తమ్ముడు ఊసుపోక రిమోట్‌తో నడిచే యుద్ధ టాంకు ఒకటి తయారుచేసుకున్నాడు. చెప్పుల పెట్టెకంటే కాస్త పెద్దది. టీ కావాలంటే తమ్ముడు నోరు తెరిచి అడిగే రకం కాదు. మంచం మీంచే టాంకును నడిపించుకొచ్చి అన్నగారి స్టూలుకు రెండుసార్లు తగిలించేవాడు. టక్... టక్. అంతే, ఆగిపోయేది. తలుపు వేసి ఉంటే తలుపుకే రెండుసార్లు తగిలించి, తెరిచేదాకా ఆగేవాడు. "ఫిరంగి గురిపెట్టి టీ అడిగేవాణ్ని నిన్నే చూశాన్రా" అని విసుక్కుంటూనే అన్నగారు పొయ్యి వెలిగించేవాడు.

తమ్ముడు పోయాడు. దాంతో ఇంట్లో మాటన్నదే లేకుండా పోయింది. బాగుచేసిన మిషను తిప్పి చూసినప్పుడు వచ్చే చప్పుడే ఆయనకు కబుర్లయ్యాయి. టీ మాత్రం రెండు గ్లాసులకు సరిపడా పెట్టడం మానలేకపోయాడు. చల్లారిపోయాక రెండోదీ తనే తాగేవాడు. ఒంటరిగా ఉండడం ఇంత కష్టమని ఆయనకు అంతకుముందు ఎవరూ చెప్పలేదు.

అలాంటి రోజుల్లో ఒక సాయంత్రం లోపలిగది తలుపు చప్పుడైంది. టక్. టక్. టక్. టక్. ఆయన కర్ర అందుకుని, లేచి, వెళ్లి తెరిచేలోగా అవతల ఏదో కటుక్కున విరిగింది. తెరిచి చూస్తే టాంకు ముక్కు ముందుకు పెట్టుకుని నిలబడి ఉంది. లోపల గేరు పళ్లు విరిగి, మోటారు ఉత్తినే తిరుగుతోంది. రిమోట్ అలమరలోనే ఉంది, అందులో బ్యాటరీలు కూడా లేవు. పక్కింట్లో ఎవరి రిమోటైనా కలిసిందేమో అనుకుందామన్నా, ఈ టాంకు తన జత రిమోట్ మాట తప్ప ఇంకొకటి వినదు.

ఇంకొకరైతే కాళ్లకు బుద్ధి చెప్పేవాళ్లు. ఆయన మాత్రం దాన్ని గుండెలకు హత్తుకుని సంతోషంతో ఏడ్చాడు.

ఆదివారం చెల్లెలు వచ్చింది. ఎప్పటిలాగే తమ ఇంటికి వచ్చి ఉండమని బతిమాలింది. ఆయన రానన్నాడు. ఎందుకు రాలేడో కూడా ఈసారి చెప్పేశాడు. ఆవిడ నవ్వలేదు, కసరలేదు. లోపలిగది తలుపు దగ్గర కూర్చుని, అడుగున చెక్క ఎంత లోతుగా సొట్టపడిందో వేలితో తడిమి చూసింది.

"పెద్దన్నయ్యా, చిన్నన్నయ్య ఏనాడైనా రెండుసార్లకు మించి తట్టాడా?"

"ఏదో ఆత్రంలో తట్టి ఉంటాడు."

"గేరు పళ్లు విరిగేదాకానా?" ఆవిడ గొంతు తగ్గించింది. "చిన్నన్నయ్య ఆగేవాడు. ఇది ఆగలేదు."

ఆయన మొహం గంటుపెట్టుకున్నాడు. ఆవిడ తెచ్చిన అరటిపళ్లు బల్ల మీద పెట్టి, లోపలిగది గొళ్లెం సరిగ్గా వేసుకోమని చెప్పి వెళ్లిపోయింది.

మర్నాటి నుంచి గిరాకీలందరికీ రేపూ మాపూ అని చెప్పి టాంకు మీద పడ్డాడు. పొట్ట విప్పి దుమ్మూ వెంట్రుకలూ ఎండిన గ్రీజూ తుడిచాడు. చక్రాల చుట్టూ ఉండే ప్లాస్టిక్ పట్టాల బదులు ఇనప పట్టాలు తొడిగాడు. వంగిన ఇరుసులు తీసి ఉక్కువి వేసి, వాటికి బేరింగులు పెట్టాడు. పగిలిన ముందు భాగానికి లోపల్నుంచి ఇత్తడి రేకు కత్తిరించి మరలతో బిగించాడు. గేర్లు కూడా ఇత్తడివే. చివరికి పళ్లు విరిగిన చిన్న ప్లాస్టిక్ గేరు ఒక్కటీ మిగిలింది.

దాన్ని తమ్ముడు కావాలనే అలా ఉంచాడు. "అన్నీ గట్టివి వేసినా ఇదొక్కటి మెత్తగానే ఉండాలి అన్నయ్యా. బండి దేనికైనా గుద్దుకుని మొండికేస్తే ముందు ఇది విరగాలి. అప్పుడే ఆగుతుంది" అనేవాడు. ఆ సంగతి అన్నగారికి తెలియంది కాదు. కానీ మళ్లీ పిలిచినప్పుడు మళ్లీ విరిగిపోతే? విసిగిపోయి తమ్ముడు ఇంక రాకపోతే? ఆ ఆలోచనకే ఆయన ప్రాణం విలవిల్లాడింది. ఆ ఒక్క గేరునూ ఇత్తడితోనే చేసి, పళ్లు అరగదీసి, బిగించేశాడు. వేలితో తిప్పితే వెన్నలా తిరిగింది.

పని పూర్తయ్యేసరికి సాయంత్రమైంది. బయట ముసురు పట్టింది. టాంకుకు బ్యాటరీ పెట్టి, స్విచ్చి వేసి, మంచం పక్కన దించి, తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. కర్రను బల్లకు ఆనించి స్టూలు మీద కూర్చున్నాడు. కరెంటు పోయింది. కిటికీలోంచి వచ్చే బూడిదరంగు వెలుతురులో మిషన్లన్నీ తలలు వంచుకుని ఉన్నట్టున్నాయి. చూరు నీళ్ల చప్పుడు. నూనె వాసన. ఆయన పెళ్లిచూపులకు వచ్చినవాడిలా ఒద్దికగా చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

టక్... టక్.

ఆగింది.

"వచ్చావా?" అన్నాడు.

ఆయన లేవబోయేలోగా తలుపు దానంతటదే కిర్రుమంటూ జరిగింది. ఇనప పట్టాలు గరగరమంటూ నేల మీద పాకాయి. స్టూలు పక్కగా వచ్చి, చుట్టు తిరిగి, బల్ల కిందికి దూరి, ఆయనకు ఎదురుగా నిలబడింది. పట్టాల నుంచి తడిమట్టి వాసన వేస్తోంది. మూడో అంతస్తులో, తడి తగలని గదిలో... మట్టి ఎక్కడిది?

అది ముక్కు ఆనించి తోసింది. స్టూలు వెనక్కి జరిగింది.

"ఒరేయ్, ఎక్కడికిరా?" అని నవ్వాడు.

ఇంకాస్త తోసింది. ఆయన బల్ల అంచు పట్టుకున్నాడు. వేళ్లు జారాయి. కర్ర కింద పడింది. పాదాలు నేలకు తన్నిపెట్టాడు... మోకాళ్లు లొంగిపోయాయి. వెనక లోపలిగది. తలుపు బార్లా తెరిచి ఉంది. తోపు ఆగలేదు. వంగి స్విచ్చి కోసం తడిమాడు, నొక్కాడు, టిక్కుమంది. మోటారు తిరుగుతూనే ఉంది. ద్వారబంధం రెండు చేతులా పట్టుకుని, ఊపిరి బిగబట్టి, లోపల కటుక్కుమనే చప్పుడు కోసం చెవులు రిక్కించాడు. ఇప్పుడు విరుగుతుంది... ఇప్పుడు...

విరగలేదు. తనే కదా ఇత్తడి వేశాడు.

చేతులు వదిలేశాయి. వీపుకు చల్లగాలి తగిలింది. వెనక మంచం నులక కిర్రుమంది, ఎవరో పక్కకు జరిగి చోటిచ్చినట్టు. తిరిగి చూసే ధైర్యం ఆయనకు లేకపోయింది.

"తమ్ముడూ... నువ్వేనా?"

టాంకు ఆగింది.

ఫిరంగి ఉండే పైభాగాన్ని తమ్ముడు జిగురు పెట్టి అతికించేశాడు. దాన్ని తిప్పడానికి మోటారన్నదే లేదు. మొన్న పొట్టంతా విప్పి చూసిన మనిషికి అది బాగా తెలుసు.

అది మెల్లగా ఎడమకు తిరిగింది. తర్వాత కుడికి. మళ్లీ ఎడమకు... మళ్లీ కుడికి. కాదని చెప్పేటప్పుడు మనిషి తల ఊపినట్టే.

స్టూలు మళ్లీ కదిలింది.