కరెంటు వచ్చాక పిలిచే గది

భవానీపురంలో ఏటివైపు దిగే ఒక సందు ఉంది. 2002 వేసవిలో, రాత్రిపూట కరెంటు పోయిందంటే ఆ సందు జనం పక్క సందులోంచి చుట్టూ తిరిగి ఇళ్లకు చేరేవారు. చీకటికి భయపడి కాదు — ఏ క్షణాన కరెంటు వస్తుందోనని.

సందు మధ్యలో ఇష్తియాక్ గారి పెళ్లికార్డుల డీటీపీ గది. కింద గది, పైన ఇల్లు. జనవరిలో ఒక సాయంత్రం ఆయన కంప్యూటర్‌కి కొత్త డిస్‌ప్లే కార్డు బిగించి, దాంతో వచ్చిన సీడీలోంచి డ్రైవర్ ఎక్కించారు. స్క్రీన్ నల్లబడింది. పొద్దున చూద్దామని అలాగే వదిలేసి, పైకి వెళ్లి పడుకున్నారు. తెల్లారి లేవలేదు. గుండెపోటన్నారు.

గదికి తాళం పడింది. అప్పట్నుంచి, కరెంటు పోయి వచ్చిన ప్రతి రాత్రీ, రెండు నిమిషాలకు ఆ తలుపు వెనకనుంచి ఆయన గొంతు...

"కరీమా... కాస్త చాయ్."

ఎదురింటి వెంకటరత్నమ్మ గారు స్వయంగా విన్నారు. ఆయన చాయ్ పిచ్చి సందంతా ఎరిగిందే, పోయాక కూడా మానకపోతే ఎలాగని ఆవిడ విసుక్కున్నారు. ఆ వేసవంతా ఉక్కలోనే, తలుపులేసుకుని వెనక గదిలో పడుకున్నారు.

ఇష్తియాక్ భార్య కరీమున్నీసా, భర్త పోయాక పాటించే ఇద్దత్ నాలుగు నెలల పది రోజులూ గడప దాటలేదు. అది ముగిసిన మర్నాడే మెకానిక్‌కి కబురుపెట్టింది. నాలుగేళ్ల కార్డుల డిజైన్లన్నీ ఆ కంప్యూటర్లోనే ఉన్నాయి. అవి దక్కితే షాపు తనే నడుపుకుంటుంది. పోతే గదీ ఇల్లూ ఖాళీ చేసి గన్నవరంలో అన్న పంచన చేరాలి.

వచ్చిన మెకానిక్ స్విచ్ ఆపి, మళ్లీ వేశాడు. రెండు నిమిషాల తర్వాత స్క్రూడ్రైవర్ బల్లమీదే వదిలేసి వెళ్లిపోయాడు. ఫార్మాట్ కొట్టి లోపలున్నదంతా తుడిచెయ్యడమొక్కటే దారి అని, ఆ పని ఇంకెవరితోనైనా చేయించుకోమని మర్నాడు ఫోన్లో చెప్పాడట.

ఆ ఇంకెవరో — చక్రి. ఆటోనగర్‌లో షాపుల కంప్యూటర్లు చూసుకునే మనిషి. అతనూ ఫార్మాట్ కొట్టడానికే సీడీలు తెచ్చుకున్నాడు.

అతను వచ్చేసరికి ఎనిమిదయింది. తాళం తీస్తుండగానే కరెంటు పోయింది. కొవ్వొత్తి తెస్తానని కరీమున్నీసా పైకి వెళ్లింది. చక్రి తడుముకుంటూ వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు. ఉక్క... దోమలు... సందులో చప్పుడు లేదు.

కరెంటు వచ్చింది.

అతను దేన్నీ ముట్టుకోలేదు. అయినా కంప్యూటర్ దానంతటదే గుర్రుమంది. స్క్రీన్ మీద తెల్లటి అక్షరాలు కొన్ని పరుగెత్తి — ఆగి — మొత్తం నల్లబడింది. తర్వాత సరిగ్గా చెవి పక్కనే...

"కరీమా... కాస్త చాయ్."

తను భయపడలేదనే చక్రి ఇప్పటికీ అంటాడు. కుర్చీలోంచి గడపదాకా ఎలా వచ్చాడో మాత్రం గుర్తులేదంటాడు.

గడప దగ్గర కొవ్వొత్తితో కరీమున్నీసా.

"విన్నారా?" అంది మెల్లగా.

"విన్నానమ్మా."

"ఉన్నప్పుడూ ఇలాగే. పొద్దున గదిలోకి రాగానే ఒకసారి పిలిచేవారు. కరెంటు పోయి వస్తే ఇంకోసారి."

"కరెంటు వస్తేనా?"

చక్రి చటుక్కున కంప్యూటర్ వైపు తిరిగాడు. వెనక్కి వెళ్లి, కంప్యూటర్ ఆపి, మళ్లీ వేసి ఒక మీట నొక్కి పట్టాడు. అదనపు డ్రైవర్లేవీ లేకుండా తెరుచుకునే సేఫ్ మోడ్‌లోకి వెళ్లి, ఇష్తియాక్ ఎక్కించిన డ్రైవర్ తీసేశాడు. మళ్లీ ఆన్ చేశాడు.

స్క్రీన్ మీద బొమ్మలు వచ్చాయి. వాటితోపాటే గొంతూ వచ్చింది.

ఫార్మాట్ అక్కర్లేదన్నాడు చక్రి. చెడింది స్క్రీన్‌కి బొమ్మ పంపే డ్రైవర్ ఒక్కటే. మిగతాదంతా ఇన్నాళ్లూ చీకట్లోనే నడుస్తోంది. కంప్యూటర్ తెరుచుకున్నప్పుడు మోగే సంగీతం తీసేసి, ఆయన మైకులో తన గొంతు రికార్డు చేసి పెట్టుకున్నారు. ఆపకుండా వదిలేశారు గనక కరెంటు వచ్చినప్పుడల్లా అదే ఆన్ అవుతోంది, అదే పిలుస్తోంది.

కరీమున్నీసా స్పీకర్ వైపు చూసింది.

"అయితే నాలుగేళ్లూ నన్ను పిలిచింది ఇదా?"

చక్రి డిజైన్లు ఒక్కొక్కటీ తెరిచి చూపించాడు. అన్నీ ఉన్నాయి. చివరికి ఆ గొంతు ఫైలు మీద బాణం పెట్టి ఆగాడు.

"ఉంచనా అమ్మా?"

ఆమె అతన్ని లేవమని, ఆ కుర్చీలో తను కూర్చుంది.

"తీసెయ్యండి. రేపట్నుంచి ఇక్కడుండేది నేను. పైన ఇంకెవరున్నారని పిలుస్తారు?"