దగ్గే ఇల్లు

ఆ సందు చివర మేడ మీది వాటాకి మంచి పేరు లేదు. అద్దె తక్కువ, నీళ్లు పుష్కలం, గాలికి కొదవ లేదు... అయినా అందులో ఎవరూ నిలవరు. ఎందుకని అడిగితే సందులో వాళ్లందరిదీ ఒకటే మాట. ఆ ఇల్లు దగ్గుతుందట.

చీకటి పడ్డాక, తాళం వేసి ఉన్న ఇంట్లోంచి ఎవరో ముసలావిడ దగ్గు. అంతే అయితే సర్దుకుపోయేవారేమో. కానీ తలుపు తడితే ఆ దగ్గు ఆగిపోయేది. తట్టిన మనిషి మెట్లు దిగి వీధిలోకి వెళ్లేదాకా చప్పుడుండదు. తర్వాత మళ్లీ మొదలు...

ఇది నేను కళ్లారా చూసింది కాదు. మా బావ చెప్పగా విన్నది.

మా బావ, అంటే మా అక్క మొగుడు, ఇళ్ల తనిఖీ ఆఫీసరు. ఏ ఇంట్లో ఎంతమంది ఉండొచ్చో కొలిచి తేల్చి, నివాస అనుమతి ఇచ్చే ఉద్యోగం. చుట్టపుచూపుగా మా ఇంటికొచ్చినా ముందు గోడలు తట్టి చూస్తాడు, ఆ తర్వాతే మనుషుల్ని పలకరిస్తాడు. దెయ్యాలంటే ఆయనకి నమ్మకం లేదు. భయం మాత్రం ఉంది.

ఆ రోజు పొద్దున్నే ఒక పాత భవనం గోడ బీటలు వారిందని ఖాళీ చేయించి సీలు వేశారు. అందులో ఉంటున్న బట్టలు కుట్టే ఆవిడ, ఆవిడ భర్త, ఇద్దరు ఆడపిల్లలు మూటాముల్లె సర్దుకుని వీధిన పడ్డారు. వాళ్లకి దొరికింది ఈ దగ్గే ఇల్లొక్కటే. సామాన్లు అక్కడికి చేర్చుకున్నారు, కానీ అనుమతి లేనిదే అందులో ఆ రాత్రి పడుకోవడానికి కూడా వీల్లేదు. అందుకే, మిగతా పనులన్నీ ముగించుకుని, మా బావ చీకటి పడ్డాకే అటు బయల్దేరాడు.

సందు మొదట్లో ఇస్త్రీ బండి ఆయన ఆపాడు.

"ఈ వేళప్పుడు పైకెందుకు సార్? రేపు చూసుకోండి."

"రేపటిదాకా వాళ్లు ఎక్కడుంటారయ్యా?"

ఇస్త్రీ ఆయన పెట్టె పక్కన పెట్టాడు. అటూ ఇటూ చూశాడు. గొంతు తగ్గించి చెప్పాడు.

"ఇదివరకు అందులో ఒక మెకానిక్కు ఉండేవాడు సార్. పెళ్లాం, ఇద్దరు పిల్లలు. ఆ వాటాలో నలుగురే ఉండాలని రూలు. కానీ వాడికో తల్లి ఉంది. ఆవిణ్ణి ఎక్కడ పారేసుకుంటాడు? బీరువా వెనకాల కిటికీ లేని చిన్న సామాన్ల గది ఉంది. ఆఫీసరు వస్తే ఆవిడ అందులో దూరేది. ఆయన వెళ్లాక కొడుకు పిలిచేవాడు... 'అమ్మా, తనిఖీ అయిపోయింది, రా' అని. నవ్వుకుంటూ వచ్చేది. మనవలకి అదొక ఆట."

"తర్వాత?"

"ఒక రోజు ఆఫీసరు వచ్చాక వాన పట్టుకుంది. మీరు కాదులెండి, మీకు ముందున్నాయన. మంచాయన. వాన తగ్గేదాకా కూర్చుని, పిల్లలకి కథలు చెప్పాడు. లోపల ఆవిడకి ఆయాసం... దగ్గు తన్నుకొస్తున్నా ఒక్కటంటే ఒక్కటి బయటికి రానివ్వలేదు. ఆయన వెళ్లాక కొడుకు పిలిచాడు. ఆవిడ రాలేదు."

మా బావ తలెత్తి ఆ మేడ వైపు చూశాడట.

"నోట్లో గుడ్డ కుక్కుకుని అలాగే కూర్చుని ఉంది సార్. గట్టిగా ఏడవడానికి కూడా లేకపోయింది వాళ్లకి. ఆ ఇంట్లో లేని మనిషి కోసం ఎలా ఏడుస్తారు?"

సందు పొడుగునా కరెంటు లేదు. మా బావ టార్చి వేసుకుని మెట్లెక్కడం మొదలుపెట్టాడు. సగం మెట్లు ఎక్కాడో లేదో...

పైనుంచి దగ్గు.

సన్నగా, పొడిగా, ముసలి దగ్గు. మా బావ ఆ మెట్టు మీదే ఆగిపోయాడు. వెనక్కి పోదామంటే కింద ఇస్త్రీ ఆయన చూస్తూ ఉన్నాడు, పరువు పోతుంది. గుండె చిక్కబట్టుకుని వెళ్లి తలుపు తట్టాడు.

దగ్గు ఆగిపోయింది.

చాలాసేపటికి గడియ తీసిన చప్పుడు. కొవ్వొత్తి పట్టుకుని బట్టలు కుట్టే ఆవిడ. మనిషిని చూసేసరికి మా బావకి ప్రాణం లేచొచ్చింది.

"రండి సార్. మేం నలుగురమే," అంది ఆవిడ. ఈయన ఇంకా ఏమీ అడగలేదు.

మా బావ గదులు కొలిచాడు. కిటికీలు తెరిచి చూశాడు. చివరికి స్నానాల గదిలోకి టార్చి వేశాడు. మనుషుల్ని దాచేవాళ్లు చెప్పులు దాస్తారు, కంచాలు దాస్తారు, పక్కబట్టలు దాస్తారు... టూత్‌బ్రష్ దాచడం మాత్రం మర్చిపోతారు. అది ఆయన అనుభవం.

మగ్గులో బ్రష్షులు ఐదున్నాయి.

ఆయన ఏమీ అనకుండా ముందు గదిలోకి వచ్చి, అలవాటు చొప్పున గోడ తట్టుకుంటూ వెళ్లాడు. బీరువా పక్కకి వచ్చేసరికి గోడ డొల్లగా మోగింది. చిన్నపిల్ల గబుక్కున తల్లి చెయ్యి పట్టుకుంది. బీరువా వెనక... ఎవరో గుటక మింగినట్టు.

"లోపల ఎవరు?"

"ఎవరూ లేరు సార్..." ఆవిడ కూతుర్ని దగ్గరికి లాక్కుంది. "నలుగురమే. ఒక్కరు ఎక్కువైనా ఇవ్వరట కదా... ఈ రాత్రి పిల్లల్తో ఎక్కడికి పోవాలి సార్..."

భర్త తల దించుకుని నిలబడ్డాడు. ఇంకా అడిగితే ఏమవుతుందో మా బావకి అప్పుడే తెలిసింది. అడిగినంతసేపూ లోపల ఒక మనిషి ఊపిరి బిగబట్టుకుని ఉంటుంది. అంతే! బీరువాకి తనే భుజం ఆనించాడు. భర్త కూడా వచ్చి తోశాడు.

"అమ్మా, తనిఖీ అయిపోయింది. బయటికి రండి," అన్నాడు మా బావ.

గోడ పట్టుకుని ఒక ముసలావిడ బయటికి వచ్చింది. కుట్టే ఆవిడ తల్లి. వస్తూనే దగ్గు తెర ముంచుకొచ్చి కూలబడిపోయింది. మనవరాలు నీళ్లు తెచ్చింది.

బతికే ఉంది! మా బావకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయట. "మెట్ల మీద నా గుండె ఆపేసింది మీరేనా పెద్దమ్మా!" అన్నాడు. కుట్టే ఆవిడ వైపు తిరిగి చెప్పాడు.

"నన్నొక్క మాట అడిగితే పోయేది కదమ్మా. దీని వెనక గోడ బయటికే ఉంది. కిటికీ కొట్టించండి. కిటికీ ఉంటే రూలు ప్రకారం ఇదీ గదే, ఐదుగురూ ఉండొచ్చు. కొట్టించేదాకా అందరూ ముందు గదిలో పడుకోండి. ఐదుగురికీ ఇప్పుడే రాసిస్తాను."

ఆవిడ కింద కూర్చుని, మొహం మోకాళ్లలో పెట్టుకుని బావురుమంది. ఇదివరకు అక్కడ ఏడవలేకపోయిన వాళ్ల ఏడుపు కూడా అందులో ఉందనిపించింది అంటాడు మా బావ.

ముసలావిడ మాత్రం నీళ్ల గ్లాసు పట్టుకుని ఆ చీకటి గది వైపే చూస్తోంది.

"మరి ఆవిడో?"

"ఏ ఆవిడ?"

"లోపలున్నావిడ బాబూ. నాకు దగ్గు వస్తుంటే నోటి మీద చెయ్యి పెట్టింది. ఎంత చల్లగా ఉందో ఆ చెయ్యి... 'ఇంకొంచెం ఓర్చుకో తల్లీ. మనం దగ్గితే పిల్లలకి ఇల్లు పోతుంది' అంది."

చిన్నపిల్ల వెళ్లి తల్లి ఒళ్లో దూరింది.

మా బావ టార్చి వేశాడు. మూడు గోడలు. ఒక స్టూలు. ఇంకేమీ లేదు.

పారిపోదామనే అనుకున్నాడట. కానీ ఆ మెకానిక్కు పిలిచిన పిలుపు వాడి తల్లి వినలేదు కదా అని గుర్తొచ్చింది. వాన తగ్గిందని, ఆఫీసరు వెళ్లిపోయాడని ఆవిడకింకా తెలియదు కదా... అనుకునేసరికి ఆగిపోయాడు. టార్చి ఆర్పేశాడు. గుమ్మం దగ్గర వంగి, చీకట్లోకి మెల్లగా చెప్పాడు.

"తనిఖీ అయిపోయిందమ్మా... ఇల్లు ఎక్కడికీ పోలేదు. ఇక మీరూ రండి."

కాసేపు ఏమీ లేదు.

తర్వాత లోపలినుంచి... దగ్గు. మొదట భయం భయంగా ఒకటి. తర్వాత ఇంకొకటి. ఆ తర్వాత ఆపుకోవడం లేదు, అణచుకోవడం లేదు. ఇన్నాళ్లూ దాచుకున్నదంతా కరువుతీరా దగ్గింది. ముసలావిడ తన చేతిలో ఉన్న గ్లాసు తీసుకెళ్లి గుమ్మం లోపల పెట్టింది. "తాగమ్మా," అంది.

చాలాసేపటికి దగ్గు ఆగింది. ఈసారి ఎవరూ తలుపు తట్టలేదు.