సౌండ్ ఎప్పుడొస్తుందక్కా?

మధ్యాహ్న భోజనాలయ్యాక ఆరో తరగతి పిల్లలు ఇరవై రెండు మంది కంప్యూటర్ గదిలోకి వచ్చి కూర్చున్నారు. కొందరి చేతులు ఇంకా తడిగానే ఉన్నాయి. బోర్డు దగ్గర ఎనిమిదో తరగతి సిద్దికా చాక్‌పీసు పట్టుకుని నిలబడి ఉంది.

ఆమె కాస్త గర్వంగానే నిలబడింది. కంప్యూటర్‌తో శబ్దాలు చేయించే భాష ఒకటుంది. ఆడియో ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్ అంటారు. మనం మాటలు, అంకెలు టైప్ చేస్తే కంప్యూటర్ వాటిని శబ్దాలుగా వినిపిస్తుంది. "ఈ భాష సిద్దికాకు వచ్చినంత బాగా నాకు కూడా రాదు" అని కంప్యూటర్ పాఠాలు చెప్పే ధనశ్రీ టీచర్ ప్రేయర్‌లో అందరి ముందూ అన్నారు.

శనివారం చివరి పీరియడ్ ఈ శబ్దాల క్లాసుకే. కానీ అందులో ఉన్నది ఐదుగురే. ఆరో తరగతి నుంచి కనీసం పదిమంది పేర్లు ఇవ్వాలని, లేకపోతే ఆ పీరియడ్ లెక్కలకు ఇచ్చేస్తానని హెడ్‌మాస్టరు గారు చెప్పారు. అందుకే ఈరోజు సిద్దికా పాఠం.

ఆమె బోర్డు మీద వరసగా రాసింది. ఫ్రీక్వెన్సీ. ఆంప్లిట్యూడ్. సింథ్. ఎన్వలప్. లూప్. ఒక్కో మాటకీ అర్థం చెప్పింది. అర్థంలో మళ్ళీ ఇంకో కొత్త మాట వచ్చింది. దానికీ అర్థం చెప్పింది.

వెనక బల్ల మీంచి బాబ్జీ చెయ్యెత్తాడు.

"సౌండ్ ఎప్పుడొస్తుందక్కా?"

"ముందు థియరీ. తర్వాతే సౌండ్."

బాబ్జీ చెయ్యి దించేశాడు. కాసేపటికి ఒకడు కిటికీలోంచి బయటికి చూశాడు. వాడిని చూసి ఇంకో ఇద్దరు చూశారు. బెల్లు కొట్టారు. స్పీకర్లోంచి ఒక్క శబ్దం కూడా రాలేదు.

పేర్ల కాగితం అందరి చేతులూ తిరిగి వచ్చింది. రెండు పేర్లున్నాయి. అందులో ఒకటి కొట్టేసి ఉంది.

వరండాలో బాబ్జీ గొంతు వినిపించింది. "ఒరేయ్, దీనికంటే లెక్కలే నయంరా! కనీసం జవాబైనా వస్తుంది."

సిద్దికా మొహం వేడెక్కింది. "వీళ్ళకి బుర్రలు లేవు టీచర్" అంది.

కాగితం కోసం వచ్చిన ధనశ్రీ టీచర్ ఆ రెండు పేర్లూ చూశారు. "శుక్రవారం నాలుగో పీరియడ్ ఖాళీగా ఉంది. మళ్ళీ చెప్తావా?" అని అడిగారు.

"చెప్తాను."

పట్టుదలగానే అంది. ఇంకా బాగా, ఇంకా ఎక్కువగా చెప్పాలి. అంతే.

వినుకొండ బస్టాండు వెనక సిద్దికా వాళ్ళ అమ్మ చాంద్‌బీకి పరుపుల కొట్టు ఉంది. పాత పరుపుల్లో దూది ఉండలు కట్టిపోతే వీళ్ళ దగ్గరకే తెస్తారు. మిషన్‌లో వేసి ఏకి, మళ్ళీ మెత్తగా చేసి, కొత్త గుడ్డలో నింపి కుడతారు. సాయంత్రం సిద్దికా ఆ కొట్లోనే ఓ మూల కూర్చుని నాలుగు కాగితాలు నింపింది.

ఆ రోజే కోటిరత్నం కొత్తగా పనిలో చేరింది. నిన్నటిదాకా మిరపకోతలకు వెళ్ళిన మనిషి. దూది పని తెలియదు.

"ఏం రాస్తన్నావు పాపా?" అని అడిగింది.

"ఆడియో ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్ గురించి. చదవనా?"

"చదువమ్మా, వింటా."

సిద్దికా మొదటి కాగితం చదివింది. కోటిరత్నం మొదట నవ్వు మొహంతోనే వింది. నాలుగో వాక్యానికి ఆమె చూపు గోడ మీద ఫ్యాను రెగ్యులేటర్ మీదికి వెళ్ళింది. ఆరో వాక్యానికి అక్కడే ఉండిపోయింది.

"బాగుందమ్మా. చాలా బాగుంది" అంది.

ఆ చూపు సిద్దికా ఎక్కడో చూసింది. మధ్యాహ్నం కిటికీ వైపు చూసిన పిల్లలది ఇదే చూపు.

అప్పుడే చాంద్‌బీ సగం నింపిన పరుపు ముందుకు కోటిరత్నాన్ని పిలిచింది.

"కూర్చో. ఆ మూల నించి ఈ మూలదాకా అరచేత్తో నిమురు."

కోటిరత్నం నిమిరింది.

"చేతికేమన్నా తగిలిందా?"

"ఇక్కడ పల్లంగా ఉందక్కా."

"అక్కడో గుప్పెడు దూది వెయ్యి."

కోటిరత్నం రెండు గుప్పెళ్ళు వేసింది. ఈసారి అక్కడ బొడిపెలా లేచింది. ఆమె నాలిక్కరుచుకుంది. చాంద్‌బీ తన చెయ్యి పెట్టలేదు. కోటిరత్నమే మళ్ళీ నిమిరి, కాస్త దూది తీసి పక్కకు సర్దింది. ఇంకోసారి నిమిరి, "ఇప్పుడు సమంగా ఉంది" అంది. ఆమె మొహం విప్పారింది.

"అంతే. పరుపు పని వచ్చేసిందిలే నీకు" అని చాంద్‌బీ నవ్వింది.

కోటిరత్నం నీళ్ళు తాగడానికి వెళ్ళాక సిద్దికా అడిగింది.

"అమ్మా, బూరుగు దూది, మామూలు దూది, దబ్బనం, కుట్లు... వీటి పేర్లేమీ చెప్పలేదే?"

"పేర్లెక్కడికి పోతాయే? ముందు ఆమె చేతికి తెలియనీ."

సిద్దికా నాలుగు కాగితాల వైపూ చూసింది. ఇంకేమీ రాయలేదు. వాటిని మడిచి సంచి అడుగున పెట్టింది.

శుక్రవారం బోర్డు ఖాళీగా ఉంది. పిల్లలు నీరసంగా వచ్చి కూర్చున్నారు.

"బాబ్జీ, ఇలా రా. ఈ కుర్చీలో కూర్చో."

"నేనేం చేశానక్కా?"

"ఇంకా ఏం చేయలేదు. ఇప్పుడు చెయ్యి. ప్లే అని కొట్టు. పక్కన అరవై."

బాబ్జీ ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టాడు. బటన్ నొక్కాడు.

టంగ్!

గది ఉలిక్కిపడింది. వెంటనే నవ్వులు.

"ఇప్పుడు డెబ్బై పెట్టు. ఏమైంది?"

"గొంతు సన్నబడిందక్కా!"

"లావు గొంతు కావాలంటే?"

"ముప్పై!" ఐదారుగురు ఒకేసారి అరిచారు.

ముప్పై కొడితే స్పీకరు బొంగురుగా మూలిగింది. అందరూ బల్లల మీంచి లేచి కంప్యూటర్ చుట్టూ మూగారు. సిద్దికా బాబ్జీ చేత రెండు వరసలు టైప్ చేయించింది. ముందు అరవై, దాని కింద డెబ్బై. రెండు శబ్దాలూ కలిసి ఒక్కసారే మోగాయి.

"ఒకటయ్యాక ఒకటి రావాలి కదా. ఎందుకు రాలేదు?"

జవాబు సిద్దికా నాలుక చివరే ఉంది. ఆమె పెదవులు బిగించి ఆగింది. ఎప్పుడూ నోరు విప్పని నస్రత్ మెల్లగా అంది.

"మధ్యలో ఆగమని మనం చెప్పలేదుగా అక్కా."

సిద్దికాకు ఒళ్ళు పులకరించింది. "అదీ! ఆగమనడానికి స్లీప్ అనాలి. ఎంతసేపో పక్కన అంకె వెయ్యాలి. నువ్వే కొట్టు."

నస్రత్ కొట్టింది. ముందు ఒక శబ్దం వచ్చింది. ఆగి, రెండోది వచ్చింది.

బాబ్జీ ఊరుకోలేదు. ముప్పై పెట్టి, దాని కింద చాలా చిన్న స్లీప్ పెట్టాడు. అదే జంట మళ్ళీ మళ్ళీ కొట్టాడు. ఆరోసారికి వేళ్ళు నొప్పెట్టాయి.

"మళ్ళీ మళ్ళీ కొట్టే పని లేకుండా ఉపాయం లేదా అక్కా?"

"ఉంది. దాని పేరే లూప్."

లూప్ పెట్టగానే స్పీకరు డగ్ డగ్ డగ్ డగ్ అని మొదలెట్టింది.

"మా చేలో డీజిల్ ఇంజనక్కా ఇది! అచ్చం మా ఇంజనే!"

గది అంతా ఒకటే గోల. పక్క క్లాసు మాస్టారు వచ్చి తొంగిచూసి, తనూ నవ్వేసి వెళ్ళారు. గుమ్మం దగ్గర నిలబడ్డ ధనశ్రీ టీచర్ సిద్దికానే చూస్తున్నారు. "నా చిన్న టీచరమ్మా" అని మాత్రం అన్నారు.

బెల్లయ్యాక పేర్ల కాగితం వచ్చింది. ఒకవైపు చోటు చాలక వెనక్కి తిప్పి కూడా రాశారు. పదిహేడు పేర్లు.

ఆ మర్నాడు శనివారం చివరి పీరియడ్‌కి ఏసోబు గుమ్మంలో తచ్చాడుతూ కనిపించాడు. అమ్మానాన్నలతో మిరపకోతలకు వెళ్ళి వారం రోజులు బడికి రాని కుర్రాడు.

"ఇదేంట్రా?" అని బాబ్జీని అడిగాడు.

"చాలా ఈజీ. ఈ అంకె కొడితే పాడుద్ది. స్లీప్ అంటే పడుకుంటది. ఎంతసేపు పడుకోమంటే అంతసేపే. టైమవగానే లేచి తర్వాత వరస పాడుద్ది. లూప్ అంటే ఇంక ఆపదు, మనమే ఆపాలి."

సిద్దికా పక్కనే ఉంది. బాబ్జీ చెప్పినదాంట్లో ఆమె సరిచేయదగ్గవి రెండున్నాయి. నోరు తెరవబోయింది. ఏసోబు మొహం చూసింది. వాడు కిటికీ వైపు చూడటం లేదు. కళ్ళార్పకుండా కీబోర్డునే చూస్తున్నాడు.

ఆమె లేచి తన కుర్చీని వాడి వైపు జరిపింది.

"కూర్చో ఏసోబూ. నీకిష్టమొచ్చిన అంకె కొట్టు."