పోచన్న అనని మాట

శుక్రవారం పొద్దున్నే గంగాభవాని తలుపు తీసేసరికి వాకిట్లో రెండు జీపులు నిలబడి ఉన్నాయి. ఒకటి తెల్లది, ఒకటి మట్టిరంగుది. పెళ్లిచూపులకు వచ్చినట్టు రెండూ ఇంటి వైపే ముఖం పెట్టి ఉన్నాయి.

"అమ్మా, రెండూ మనవేనా?" అంది ఐదేళ్ల పాప, కళ్లు నులుముకుంటూ.

"రెండు కొనడానికి మీ నాన్న షేక్ అనుకున్నావా? ఒకటే," అని నవ్వింది భవాని.

అది 1988. వెంకటరాజు గల్ఫ్‌లోని రువైస్ రిఫైనరీలో టెక్నీషియన్‌గా చేరి ఆరేళ్లయింది. కంపెనీ ఫ్యామిలీ క్వార్టర్ ఇచ్చాక, నాలుగు నెలల కిందట భార్యనూ బిడ్డనూ కోనసీమ నుంచి తెచ్చుకున్నాడు. ఇప్పుడు జీపు కొనడం షోకు కోసం కాదు. అతని అక్క వీరమ్మ అబుదాబీలో ఒక అరబ్బుల ఇంట్లో పనిచేస్తోంది. తల్లి పోయాక తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచిన మనిషి. తన జీతంతో అతన్ని గల్ఫ్‌కు రప్పించిందీ ఆమే. మేనకోడల్ని నెలల బిడ్డప్పుడు ఒకే ఒక్కసారి చూసింది. వచ్చే నెలలో ఆమెకు ఒక్క శుక్రవారం సెలవు దొరికింది, పొద్దున ఎనిమిది నుంచి పొద్దుగూకే వేళ మగ్రిబ్ నమాజు దాకా. రెండు గంటల పైన ఎడారి దారి. కంపెనీ బస్సు మగవాళ్లకే. బండి లేకపోతే పాపను తీసుకెళ్లేది ఎలా?

దేశం వదిలి వెళ్లిపోతున్న ఇద్దరు ఇంజనీర్లు చెరొక జీపు అమ్మకానికి పెట్టారు. ధర రెండింటికీ ఒకటే. మూడు రోజుల్లో ఏదో ఒకటి చెప్పాలి.

భవాని మట్టిరంగు జీపు తలుపు తీసి ముక్కు మూసుకుంది. "అబ్బబ్బ, ఏంటండీ ఈ కంపు! మేకల్ని తోలారా ఏంటి ఇందులో?"

"తోలే ఉంటారు. ఇంజనీరు కంటే ముందు ఎడారి బద్దూలు వాడిన బండి."

"ఏసీ కూడా లేదు. సీటు చూడండి, చెక్కబల్లలా ఉంది. తెల్లది చూడండి ఎంత బాగుందో! కొత్త రంగు, మెత్తటి సీట్లు, పాటల పెట్టె. మా అమ్మకి ఫోటో పంపితే ఊరంతా చూస్తారండి."

"రంగు చూసి బండి కొంటారటే? పోచన్న చూస్తాడు. అతనేది చెప్తే అదే."

పోచన్న కంపెనీ గరాజులో మెకానిక్. జగిత్యాల దగ్గర పల్లె. లేబర్ క్యాంపులో ఉంటాడు. మాటల్లో మహా పిసినారి. రువైస్‌లో పాత బండి కొనే తెలుగువాడు ఎవడైనా సరే, పోచన్న ఇంజన్ మీద చెయ్యి వేశాకే కొనేవాడు.

ఆదివారం పొద్దున వెంకటరాజు డ్యూటీలో ఉండగా పోచన్న వాకిట్లోకి వచ్చాడు. రోడ్డు మీద క్యాంపు బస్సు ఆపి ఉంది. ఇంటి మెట్టు మాత్రం ఎక్కలేదు.

"అక్కా, సార్ లేడా?"

"డ్యూటీకెళ్లారు పోచన్నా. రండి, టీ తాగి వెళ్దురు గాని."

"వద్దక్కా, బస్ ఆగింది. రెండు బండ్లు చూసిన. సార్‌కు ఒక్కమాట చెప్పున్రి. తెల్లబండి తీస్కుంటే ఆగమే. గంతే."

తల అడ్డంగా ఊపాడు. బస్సు హారన్ మోగింది. ఎవరో "యల్లా పోచన్నా, యల్లా!" అని కేకేశారు. అతను పరుగెత్తాడు.

భవాని గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆగమే. అంటే దారిలో ఎక్కడా ఆగం, సాఫీగా వెళ్లిపోతామనే కదా? ఆమె ఎరిగిన తెలుగులో ఆ మాటకు మరో అర్థం లేదు. మరి తల ఎందుకు అడ్డంగా ఊపాడు? ముఖం ఎందుకు అలా పెట్టాడు? 'ఆయన ముఖమే అంత' అనుకుంది. పరుగెత్తి బస్సు దగ్గర అడగొచ్చు. సాయంత్రం మొగుణ్ణి గరాజుకు వెళ్లి కనుక్కోమనొచ్చు. కానీ అడిగితే ఏం వినాల్సి వస్తుందో అని ఎక్కడో చిన్న బెదురు. తెల్ల జీపు వాకిట్లో తళతళలాడుతోంది.

వెంకటరాజు బూట్లు విప్పుతూనే అడిగాడు. "పోచన్న వచ్చాడా? ఏమన్నాడు?"

"తెల్లది మంచిదన్నాడండి. ఎక్కడా ఆగదంట."

"మంచిదన్నాడా?" బూటు చేతిలోనే పట్టుకుని తలెత్తాడు. "పోచన్నేనా?"

"ఆయనేనండి. బస్సు హారన్ కొడుతుంటే చెప్పేసి పరిగెత్తాడు."

మర్నాడే తెల్ల జీపు వాళ్లదైంది. దాని పక్కన పాపను ఎత్తుకుని భవాని ఫోటో కూడా దిగింది.

వీరమ్మను చూడ్డానికి వెళ్లే శుక్రవారం తెల్లవారకముందే బయల్దేరారు. పులిహోర, గోంగూర పచ్చడి, వీరమ్మకిష్టమని పూతరేకులు. పాపకు దారంతా ఒకటే పాఠం. "మేనత్త కనపడగానే ఏం చెయ్యాలి?" "దండం పెట్టాలి." "తర్వాత?" "ముద్దు పెట్టాలి."

మిర్ఫా ఊరు దాటిన కాసేపటికి ఇంజన్ మూతలోంచి ఆవిరి తన్నుకొచ్చింది. వెంకటరాజు బండి ఆపి, చల్లారబెట్టి, తాగే నీళ్లు రేడియేటర్‌లో పోశాడు. కాస్త దూరం నడిచి మళ్లీ ఆగింది. తాగే నీళ్లు అయిపోయాయి. రెండువైపులా ఇసుక తప్ప మరేమీ లేదు, శుక్రవారం కాబట్టి దారిలో బండ్లూ లేవు. పది దాటింది, పదకొండు దాటింది. పాప ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లినట్టు తల్లి ఒళ్లో వాలిపోయింది. వెంకటరాజు మాటిమాటికీ గడియారం చూసుకుంటూ "అక్క గేటు దగ్గరే నిలబడి ఉంటుంది. ఈ ఎండలో అలాగే నిలబడి ఉంటుంది," అంటున్నాడు.

ఒంటిగంటకు ఒక నీళ్ల ట్యాంకర్ ఆగింది. డ్రైవర్ దిగుతూనే "తెలుగోళ్లా?" అన్నాడు. అతని పేరు పర్శరాములు. గబగబా క్యాను దించి పాప ముఖం మీద నీళ్లు చల్లాడు.

"అయ్యో, గింత చిన్న పోరి తోని గీ ఎండల ఆగమైతిరి గదమ్మా!"

భవాని చేతిలోని గ్లాసు ఆగిపోయింది. "ఏమన్నారు? ఏమయ్యామన్నారు?"

"ఆగమైతిరి అంటున్న. తిప్పలైంది, ఖరాబైంది అని. మా దిక్కు గట్లనే అంటమమ్మా."

వెంకటరాజు ఆ మాట పట్టించుకోలేదు. ఆరేళ్లుగా తెలంగాణ వాళ్లతో కలిసి పనిచేస్తున్నాడు, అతనికి ఆ మాట కొత్త కాదు. భవానికి మాత్రం పోచన్న మాట గుర్తొచ్చింది. తెల్లబండి తీస్కుంటే ఆగమే. తల అడ్డంగా ఊపి మరీ చెప్పాడు.

ట్యాంకర్‌కు కట్టి జీపును తరీఫ్ దాకా లాగారు. అక్కడి వర్క్‌షాపువాడు ఇంజన్ విప్పితే గాని లాభం లేదన్నాడు. టాక్సీ దొరికేసరికి నాలుగున్నర. అబుదాబీలో ఆ ఇల్లు వెతుక్కుని చేరేసరికి మగ్రిబ్ నమాజు అయిపోయింది. గేటు మూసి ఉంది.

పఠాన్ వాచ్‌మన్ చిన్న మూట తెచ్చి వెంకటరాజు చేతికిచ్చాడు. "సుబహ్ సే ఇధర్ ఖడీ థీ. అభీ మేడమ్ బులాయా."

పొద్దుటి నుంచీ ఇక్కడే నిలబడింది, ఇప్పుడే లోపలికి పిలిచారు. మూటలో గులాబీ రంగు గౌను. చేత్తో కుట్టింది, కుట్లు చీమల బారులా ఉన్నాయి. మళ్లీ సెలవు నాలుగు నెలలకు గాని దొరకదు. వెంకటరాజు ఆ గౌను పట్టుకుని గేటు పక్కన కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అతను ఏడవడం భవాని చూడ్డం అదే మొదటిసారి. 'నా వల్లే' అనబోయింది. అనలేక పాపను ఎత్తుకుని పక్కకు తిరిగింది.

రెండు రోజులకు జీపును ట్రక్కు మీద వేసుకుని తెచ్చారు. కబురు తెలిసి పోచన్న పనిముట్ల సంచి భుజాన వేసుకుని వచ్చాడు. అతన్ని చూడగానే వెంకటరాజు మండిపడ్డాడు.

"ఏ ముఖం పెట్టుకుని వచ్చావయ్యా? నీ మాట నమ్మి కొన్నాను! నా బిడ్డ రోడ్డు మీద చచ్చిపోయేది! మా అక్క రోజంతా ఎండలో నిలబడింది! పని రాకపోతే రాదని చెప్పాలి గాని, చెత్తబండిని మంచిదని చెప్తావా?"

చుట్టుపక్కల క్వార్టర్ల వాళ్లు బయటికొచ్చారు. పోచన్న బిత్తరపోయాడు. "మంచిదని నేనా సార్?" అనబోయి, గుమ్మంలో ఉన్న భవాని వైపు ఒక్కసారి చూశాడు. ఆమె ముఖంలో ఏం కనబడిందో, తల దించుకున్నాడు.

"గలత్ అయింది సార్. నాదే గలత్. మాఫ్ చేయున్రి."

సంచి మళ్లీ భుజానికెత్తుకుని వెళ్లిపోయాడు. భవాని తలుపు పట్టుకుని అలాగే నిలబడింది. ఒక్కమాట, ఒకే ఒక్కమాట అంటే సరిపోయేది. అనలేకపోయింది.

ఆ తర్వాత క్వార్టర్లలో ఎవరూ పోచన్నను పిలవలేదు. "రాజుగారి కొంప ముంచాడటగా," అనుకున్నారు. దుకాణం దగ్గర ఎదురుపడితే పోచన్నే పక్కకు తప్పుకునేవాడు. తప్పు చేసింది తను, తప్పుకునేది అతను. భవానికి అన్నం సయించలేదు.

తర్వాతి శుక్రవారం ఇడ్లీలు వడ్డిస్తుంటే పాప అడిగింది. "నాన్నా, మన బండి బాగుచెయ్యడానికి పోచన్న మామ రాడా?"

"ఆ పేరెత్తకు. అబద్ధాలకోరు."

భవాని గరిటె కింద పెట్టింది. "ఆయన కాదండి. నేను."

"నువ్వేంటి?"

"ఆయన 'తెల్లబండి తీస్కుంటే ఆగమే' అన్నాడండి. నేను ఎక్కడా ఆగమని అనుకున్నాను. వాళ్ల మాటలో ఆగమంటే ఏంటో ఆ ట్యాంకరాయన చెప్పేదాకా తెలీదు."

వెంకటరాజు కాసేపు తెల్లబోయి చూసి, తర్వాత నవ్వేశాడు. "ఓసి పిచ్చిదానా! ఇదా వారం నుంచీ తిండి మానేసి కుమిలిపోతున్నది? మాట తిరగబడింది. వచ్చిన కొత్తలో నాకూ సగం మాటలు అర్థమయ్యేవి కాదు. నీ తప్పేముంది?"

ఆమె తప్పించుకోవడానికి అతనే తలుపు బార్లా తెరిచి పెట్టినట్టయింది. అక్కడితో ఊరుకుంటే సరిపోను. భవాని కిందనే కూర్చుండిపోయింది.

"అంతే కాదండి. ఆయన మంచిదని అనలేదు. ఆ మాట నాది. తల అడ్డంగా ఊపడం నేను చూశాను. ఏదో తేడాగా ఉందని తెలుస్తూనే ఉంది. అడిగితే మేకల బండి కొంటారని అడగలేదు. మెత్తటి సీట్ల కోసం, ఫోటో కోసం మీ అక్కని రోజంతా నిలబెట్టాను. ఆయన్ని పదిమందిలో తిట్టించాను."

వెంకటరాజు నవ్వు పోయింది. తింటున్న చెయ్యి కడుక్కుని బయటికి వెళ్లాడు. ఇటుకల మీద ఎత్తి పెట్టిన జీపు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. భవాని ఏడుస్తూనే ఉంది. చాలాసేపటికి లోపలికొచ్చి ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"ఆరేళ్లలో పోచన్న ఏ బండినీ మంచిదనలేదే. నడుస్తది అంటాడు, లేదంటే వద్దంటాడు. నువ్వు మంచిదన్నాడని చెప్పినప్పుడే నాకు అనుమానం వచ్చింది. గరాజు ఎంత దూరం? నడిచి వెళ్తే పది నిమిషాలు. వెళ్లలేదు. నాకూ తెల్లదే కావాలి భవానీ."

భవాని కళ్లు తుడుచుకుంది. తర్వాత అతనే లేచాడు. "పద. పదిమందిలో అన్నాను, పదిమందిలోనే చెప్పాలి."

క్యాంపులో శుక్రవారం బట్టలుతికే సందడి. ఫ్యామిలీ ఆడవాళ్లు అటు అడుగుపెట్టరు. భవానిని చూసి అందరూ తువ్వాళ్లు సర్దుకున్నారు. వెంకటరాజు గొంతెత్తి చెప్పాడు. "పోచన్న తప్పేం లేదు. తెల్లబండి వద్దనే చెప్పాడు. వినకుండా కొన్నది మేం. అతన్ని తిట్టింది నేను. మాఫ్ చెయ్యి పోచన్నా."

"మాట మార్చింది నేను పోచన్నా," అంది భవాని, చేతులు జోడించి. "ఆరోజు ఎందుకు చెప్పలేదు?"

పోచన్న సబ్బు నురగ చేతుల్ని లుంగీకి తుడుచుకున్నాడు. "ఏమని చెప్పాలక్కా? నన్ను తిడితే గా పొద్దుకే ఖలాస్. ఇంట్ల ఆడిమనిషి మాట పడ్డదంటే ఏండ్లకేండ్లు ఎత్తిపొడుస్తుంటరు. నా పెండ్లాం ఐలవ్వను నేను గట్లనే సతాయించిన. ఆడికెల్లి ఇంత దూరమొచ్చినంక గది యాదికొస్తది."

నాలుగు శుక్రవారాలు పోచన్న భోజనం వాళ్ల ఇంట్లోనే చేసి, ఇంజన్ విప్పి, బిగించాడు. చివరి రోజు వెంకటరాజు ఉండబట్టలేక అడిగాడు. "ఇప్పుడు మంచిగుందా?"

"నడుస్తది సార్," అన్నాడు పోచన్న.

నాలుగు నెలలకు మళ్లీ సెలవు దొరికింది. తెల్ల జీపు దారిలో ఎక్కడా ఆగలేదు. వీరమ్మను రువైస్ తీసుకొచ్చేసరికి పదిన్నరయింది. పాప దండం పెట్టింది, ముద్దు పెట్టింది. ఒంటి మీద ఆ గులాబీ గౌనే. గేటు దగ్గర అందుకున్ననాటి నుంచీ భవాని ప్రతి శుక్రవారం తొడిగి, ఉతికి, దాచింది. రంగు వెలిసింది. మోకాళ్ల పైకి వచ్చేసింది.

వీరమ్మ పాపను దగ్గరకు తీసుకుని గౌను అంచు తడిమింది. "కురచైపోయిందే బంగారం."

ఆ మాటకు భవాని తట్టుకోలేకపోయింది. వీరమ్మ కాళ్ల దగ్గర కూర్చుని అంతా చెప్పేసింది, మెత్తటి సీట్లతో సహా. "మీ కళ్ల ముందు సమయానికి వేసుకోవాల్సింది వదినా. నా వల్ల మీ ముచ్చట తీరలేదు."

 వీరమ్మ పాపను తిప్పి గౌను కింది అంచు మడిచి చూపించింది.

"ఆ రోజు నాకూ కష్టమేసిందే. లేదని ఎందుకు అబద్ధమాడను? కాళ్లు వాచిపోయాయి. కానీ ఇటు చూడు, లోపలికి జానెడు మడత పెట్టి కుట్టాను. మేం పనిచేసే ఇళ్లల్లో సెలవులు ఎప్పుడిస్తారో నాకు తెలీదా? పిల్ల ఎదిగే లోపు వస్తారో, ఎదిగాక వస్తారోనని. కత్తెర పట్రా. విప్పితే సరిపోద్ది."

భవాని కత్తెర తెచ్చింది. ఇద్దరూ గుమ్మంలో కూర్చుని ఒక్కో కుట్టూ విప్పారు. మడతలోంచి వచ్చిన గుడ్డ కొత్త గులాబీ రంగులోనే ఉంది. పైన వెలిసిన గౌను, కింద జానెడు కొత్త పట్టీ.

"రెండు రంగులేంటని మాటొస్తుంది," అంది వీరమ్మ, రెండు రంగులు కలిసిన చోట వేలితో రాస్తూ. "ఉండనీలే."