నూట పదహారో మాట

నలభై అయిదు అక్షరాల ఇంగ్లీషు మాటని నేను ఒక్క ఊపిరిలో పలకగలను. మా ఊరి బడిలో పంతులుగారు ఎలిఫెంట్ దగ్గరే ఆగిపోయారు, నేను మాత్రం ఆగలేదు. కాబట్టి ఈ కథ చెప్పే అర్హత నాకు తప్ప ఇంకొకరికి లేదు.

అమెరికాలో రెడ్‌మండ్ అనే ఊళ్ళో ఒక శనివారం ఉదయం పది దాటి అయిదు నిమిషాలకి, ఒక బ్యాటరీ సైంటిస్టు హోటల్ ఏడో అంతస్తు కిటికీలోంచి కింద పడ్డాడు. పోలీసులు గదిలోకి వెళ్ళేసరికి టేబుల్ మీద ఆయన కాఫీ ఇంకా పొగలు కక్కుతూనే ఉంది.

రెండో రోజున రహస్య దర్యాప్తు సంస్థ డెట్రాయిట్ ఆఫీసులో చీఫ్ ఒక కాగితాన్ని ఏజెంట్ సాయి ప్రియ ముందుకి తోశాడు. డెట్రాయిట్ పక్కనే ఫార్మింగ్టన్ హిల్స్‌లో కృష్ణమూర్తి అని ఒక రిటైర్డ్ కార్ల ఇంజనీరు ఉన్నాడు. స్పెల్లింగ్ పోటీలకి వెళ్ళే పిల్లల కోసం ప్రతి శనివారం వంద పొడుగాటి మాటలు, అర్థాలతో సహా, ఈమెయిల్‌లో పంపుతుంటాడు. సైంటిస్టు పడిన రోజు లిస్టులో ఆఖరి మాట డిఫెనెస్ట్రేషన్. అంటే మనిషిని కిటికీలోంచి బయటికి విసిరేయడం.

"ఒక విదేశీ ముఠా మన బ్యాటరీ డిజైన్ల వెంట పడింది. కిల్లర్‌కి ఆర్డర్ ఆ ఆఖరి మాటే," అన్నాడు చీఫ్. "ముసలాయన వాళ్ళ మనిషా కాదా, తేల్చు. మన ఏజెంట్ ఇషా నెల నుంచీ ఆల్రెడీ ఆ ఇంట్లోనే ఉంది."

ఇషా వస్తుంటే ముందు పెర్ఫ్యూమ్ వచ్చేది, తర్వాత హై హీల్స్ చప్పుడు, ఆ తర్వాతే ఇషా. కృష్ణమూర్తి గారింటి బేస్‌మెంట్‌లో కూర్చుని ఆయన లిస్టులు టైప్ చేసిపెట్టే వాలంటీర్ వేషం ఆమెది. ఏజెంట్లిద్దరికీ మధ్య కోడ్ వర్డ్ న్యుమోనోఅల్ట్రామైక్రోస్కోపిక్‌సిలికోవాల్కేనోకోనియోసిస్. అగ్నిపర్వతాల సన్నటి దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తులకి పట్టుకునే జబ్బట. ఒక్క ఊపిరి అన్నాను కదూ? నిజం చెప్పొద్దూ, సిలికో దగ్గర నాకు దగ్గొస్తుంది. ఒక గ్లాసు మంచినీళ్ళు తాగి మిగతాది పలుకుతాను.

సాయి ప్రియ నెరిసిన విగ్గు పెట్టుకుని, నేత చీర కట్టి, పిస్కాటవే అనే ఊరి నుంచి వచ్చిన టీచర్నని చెప్పి ఆ ఇంట్లో తనూ వాలంటీరుగా చేరింది. కృష్ణమూర్తి ఏమీ అడగలేదు. మొదటి రోజే భోజనం పెట్టాడు, వెళ్ళేటప్పుడు చేతిలో కరివేపాకు పొడి సీసా పెట్టాడు. సీసా తిరిగిచ్చేటప్పుడు మాత్రం ఖాళీగా ఇవ్వకు, మా ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఖాళీ గిన్నె ఈ ఇంటి గడప దాటలేదు అన్నాడు.

ఆమె ఖాళీగా ఇవ్వలేదు. సీసాలో జీడిపప్పు పోసింది, మూతలో మైక్రోఫోన్ పెట్టింది.

మూడు వారాలు విన్నది. ఆయన పొద్దున్నే కాఫీ కలుపుకుంటూ డిఫెనెస్ట్రేషన్, డిఫెనెస్ట్రేషన్ అని ఎక్కాల్లా వల్లె వేస్తున్నాడు. అది చాలనుకుంది. ఇతనే అని రిపోర్టు రాసి సంతకం పెట్టింది. శనివారం మధ్యాహ్నం అరెస్టు.

ఆ శనివారం తొమ్మిదీ యాభైకి, లిస్టు వెళ్ళే టైముకి పది నిమిషాల ముందు, ఆమె వీధి చివర వ్యాన్‌లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చుంది. ఇషా గొంతు వినిపించింది.

"అంకుల్, నేను యాడ్ చేసిన లాస్ట్ వర్డ్ మార్చకండి, ప్లీజ్. పోయిన నెల నేను పెట్టింది పిల్లలకి చాలా నచ్చింది కదా, మళ్ళీ అదే, డిఫెనెస్ట్రేషన్ పెట్టాను."

సాయి ప్రియ హెడ్‌ఫోన్స్ పీకేసింది. ముఠాకి ఎదురు తిరిగిన సాక్షి, అనిరుధ్ అనే కుర్ర ఇంజనీరు, ఊళ్ళోనే ఒక హోటల్లో దాక్కున్నాడు. ఏడు వందల పద్నాలుగో గది. ఆ నంబరు నిన్న సాయంత్రం ఇషాకి చెప్పింది తనే. హోటల్‌కి ఫోన్ చేస్తే కాపలా మనిషి ఎత్తలేదు. పొద్దున్నే ఇషా ఆ కాపలా మనిషిని ఇంటికి పంపేసింది. హోటల్‌కి పోలీసుల్ని పంపమని చెప్పి సాయి ప్రియ వ్యాన్ దిగి పరిగెత్తింది.

బేస్‌మెంట్ మెట్లు దిగేసరికి పది దాటి రెండు నిమిషాలు. ఇషా కుర్చీలో కాలు మీద కాలేసుకుని నవ్వుతోంది.

"టూ లేట్, ప్రియా. లిస్ట్ వెళ్ళిపోయింది."

సాయి ప్రియ ఆమె చేతులు వెనక్కి విరిచి బేడీలు వేసింది. కాఫీ ట్రేతో దిగుతున్న కృష్ణమూర్తి మూడో మెట్టు మీద ఆగిపోయాడు. ఆమె విగ్గు తీసేసి అంతా చెప్పేసింది. సీసా మూత సంగతీ, సంతకం సంగతీ, హోటల్లో ఒక కుర్రాడు చావబోతున్న సంగతీ.

"మీరే హంతకుడని రాశాను, అంకుల్."

ఆయన ట్రే మెట్టు మీద పెట్టాడు. తర్వాత ఇషా వైపు తిరిగాడు.

"నీ మాట మార్చలేదమ్మా. వందోది వందోదిగానే ఉంచాను. కానీ ఈ సీజన్‌కి ఇదే ఆఖరి లిస్టు. పిల్లలు పోటీకి వెళ్తుంటే సున్నాలతో ఆపుతామా? ఇంకో పదహారు కలిపి, నూట పదహారు చేసి పంపాను."

ఇషా నవ్వు ఆగిపోయింది.

"ఆఖరిది ఏం పెట్టారు?" అంది సాయి ప్రియ.

"ఫ్లాక్సినాసినైహిలిపిలిఫికేషన్. ఇది పనికిరాదు పొమ్మని తీసిపారేయడం."

అప్పటికి హోటల్ ఏడో అంతస్తులో, తువ్వాళ్ళ బండితో రూమ్ సర్వీస్ వేషంలో ఉన్న మనిషి ఒక చేత్తో తలుపు పిడి పట్టుకుని, ఇంకో చేత్తో ఫోన్‌లో చివరి లైను చదువుతున్నాడు. రెండుసార్లు చదివాడు. పిడి వదిలేశాడు. పోలీసులు వచ్చేసరికి కింద బ్రేక్‌ఫాస్ట్ దగ్గర వాఫిల్ మీద సిరప్ పోసుకుంటున్నాడు.

అరెస్టు రద్దయింది. చీఫ్ మెడల్ అన్నాడు, సాయి ప్రియ వద్దంది. వెళ్ళేముందు కృష్ణమూర్తి సీసా మూత విప్పి, మైక్రోఫోన్ తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. మళ్ళీ సీసా నిండా పొడి పోసి ఇచ్చాడు.

"నన్ను అడిగుండాల్సిందమ్మా," అన్నాడు, అంతే.

ఆ సీసా ఇప్పటికీ ఆమె వంటింట్లో నిండుగానే ఉంది. తినడానికీ చేతులు రావు, ఇవ్వడానికీ కాళ్ళు రావు.

ఇక నా వంతు. ఇందులో నేను కల్పించింది ఒక్కటే, ఆ రెడ్‌మండ్ కిటికీ. అమెరికా హోటల్లో ఏడో అంతస్తు కిటికీ నాలుగు వేళ్ళ సందు కంటే తెరుచుకోదు, నేను తోసి చూశాను. అంత మంచి మాట చేతికొచ్చాక వదులుకోలేక, ఆ కిటికీ నేనే తెరిచాను. సంతకం కావాలంటే పెడతాను.